ఆ తారీఖు నాటికి

2022 వేసవి. చెన్నూరు అడవుల్లో తునికాకు తెంపుతున్న రోజులు. యాభై ఆకులకు ఒక కట్ట, వెయ్యి కట్టలకు ఒక స్టాండర్డ్ బస్తా లెక్కన కల్లాల్లో ఆకు ఎండుతోంది. అరుగు మీద తల్లి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. అమెరికా నుంచి సెలవు మీద వచ్చిన కొడుకు పక్కనే సూట్‌కేసు విప్పి సామాన్లు సర్దుతున్నాడు.

మేనమామ కోసం తెచ్చిన మార్ల్‌బొరో డబ్బాలు అయిదు బయటపడ్డాయి. సుంకం లేకుండా కస్టమ్స్ వాళ్లు వదిలేది మనిషికి నూరు సిగరెట్లే మరి.

తల్లి ఒక డబ్బా అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీని మీద బొమ్మ లేదేంది కొడుకా? మేం చేసిన కట్టల మీద కంపెనోళ్లు రోగం బొమ్మ అతికిస్తరు."

"ఇక్కడి చట్టం వేరవ్వా. 2016 సంది 85 శాతం జాగ బొమ్మకే ఇయ్యాలె. అక్కడ పక్కకు చిన్నగ రాస్తరంతే."

"ఆడ బీడీలు గూడ దొరుకుతయా?"

కొడుకు నవ్వాడు. "ఒకప్పుడు చాక్లెట్ వాసనవి, మామిడి వాసనవి గూడ అమ్మేటోళ్లు. అమెరికల 2009ల కొత్త పొగాకు చట్టం వచ్చింది. దాని కింద ఎఫ్‌డీఏ అమ్మకం ఆపించిన మొదటి సరుకు ఏందనుకున్నవ్? బీడీనే! 2014 ఫిబ్రవరి 21న ఒక కంపెనీవి నాలుగు రకాలు బంద్ పెట్టింది."

"మరి ఈ సిగరెట్‌ను ఆపలే?"

"అది పాత సరుకు. 2007 ఫిబ్రవరి 15 నాటికి అమ్మకంల ఉన్నదాని జోలికి పోరు. ఆ తర్వాత వచ్చింది పాతదానికి సమానమని కాయితాలతోని చూపాలె. ఆ బీడీల కంపెనీ చూపలేకపోయింది."

"అంటే రెండిట్ల ఏది ఎక్కువ చెడ్డదని గాదు. ఆ తారీఖు నాటికి ఉన్నదా లేదా, గంతేనా?"

"ఎక్కడో ఒక కాడ గీత గియ్యాలె గదవ్వా. రూల్ అంటే రూలే."

"నిజమే బిడ్డా. మన కాడ గూడ గంతే. బీడీలోళ్ల పించన్ నెలకు 2,016 రూపాయలు. 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ నంబర్ ఉన్నోళ్లకే ఇస్తరట. నాకు రాదన్నరు."

కొడుకుకు కోపం వచ్చింది. "ఇదెక్కడి న్యాయం? నాకు ఊహ తెలిసిన కాడి నుంచి బీడీలే చేస్తున్నవు. నీ పీఎఫ్ కార్డు నా కండ్లతోని చూసిన!"

"ఉండె. పని మానేసిన్నని రాసిచ్చి ఉన్న పైసలన్ని తీసిన. మల్ల చేరి కొత్త నంబర్ వచ్చేటాలకు తారీఖు దాటిపోయింది."

"అంత అక్కర ఏమొచ్చింది? ఎందుకు తీసినవ్?"

తల్లి బీడీకి దారం చుట్టి, చాటలో వేసి, ఇంకో ఆకు అందుకుంది.

సూట్‌కేసులో పైనే ఉన్న కొడుకు పాస్‌పోర్టులో మొట్టమొదటి అమెరికా ముద్ర 2014 జనవరిది.