హజీరా ఉక్కు వలయం ఆత్మకథ

ఈ ఆత్మకథకు కర్త మనిషి కాదు; సూరత్‌కు సమీపంలో, తాపీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న హజీరాలో, లార్సెన్ అండ్ టూబ్రో కర్మాగారంలో పుట్టి, సముద్ర మార్గాన విశాఖపట్నం చేరి, భారతదేశం నిర్మించిన తొలి అణు జలాంతర్గామి అరిహంత్ దేహంలో భాగమైన ఒక ఉక్కు వలయం. దాని జీవితం మందమైన పలకగా మొదలైంది. రోలర్ల మధ్య వంచిన ఆ పలక అంచులను అతికే ముందు వేడి చేస్తారు. తగినంత వేడి అందగానే కరిగే ఒక రకం సుద్దతో గీత గీసి, అది కరిగేదాకా వెల్డర్ ఆగుతాడు, ఎందుకంటే చల్లని ఉక్కు మీద వేసిన అతుకు గంటలు గడిచాక లోలోపల చిట్లే ప్రమాదం ఉంది. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది గనుక, గుండ్రతనంలో కాస్త లోపమున్నా ఆ దేహం నలిగిపోగలదు.

అణ్వస్త్రాలు మోసే దేహానికి ఇంత జాగ్రత్త ఎందుకోసమన్న ప్రశ్న ఈ వలయానికి 1945 నుంచి వారసత్వంగా వచ్చింది. ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద అమెరికా వేసిన బాంబులు యుద్ధాన్ని ముగించడానికి అవసరమయ్యాయా అన్నది ఆ ప్రశ్నకు మూలరూపం. బాంబులు లేకపోతే జపాన్ మీద దండయాత్ర చేయవలసి వచ్చేదనీ, అందులో అమెరికా సేనలకే పది లక్షలకు మించి హతులు, క్షతగాత్రులు ఉండేవారనీ నాటి యుద్ధ మంత్రి హెన్రీ స్టిమ్సన్ 1947లో రాశాడు. అంతకుముందే, 1946లో, అమెరికా ప్రభుత్వమే నియమించిన వ్యూహాత్మక బాంబుదాడుల పరిశీలన బృందం అణుబాంబు వేయకున్నా, రష్యా యుద్ధంలోకి దిగకున్నా 1945 డిసెంబరు 31లోగా జపాన్ లొంగిపోయేదని తేల్చింది.

అసలు చిక్కు ఆగస్టు 9నాటి టోక్యోలో ఉంది. సోవియట్ సేనలు మంచూరియాలోకి చొరబడిన ఆ ఉదయం, దేశ యుద్ధ నిర్ణయాలు చేసే ఆరుగురి మండలి సమావేశమై ఉండగానే నాగసాకి వార్త వచ్చింది. అయినా లొంగుబాటు విషయంలో ముగ్గురు ఒకవైపు, ముగ్గురు మరోవైపు నిలిచారు, ఆ రాత్రి చక్రవర్తి కలగజేసుకుంటే తప్ప ముడి వీడలేదు. ప్రజలకు ఆగస్టు 15న వినిపించిన ప్రకటనలో ఆయన కొత్త బాంబు క్రూరత్వాన్ని కారణంగా చెప్పాడు. 17న సైనికులకు ఇచ్చిన ప్రకటనలో బాంబు ఊసు లేదు, సోవియట్ ప్రవేశం మాత్రమే ఉంది. చరిత్రకారుడు త్సుయోషి హసెగావా 2005లో సోవియట్ ప్రవేశానికే ఎక్కువ బరువిచ్చాడు. రెండు దెబ్బలు మూడు రోజుల్లో కలిసి పడ్డాయి కాబట్టి వాటిని విడదీసి తూచే త్రాసు ఎవరి దగ్గరా లేదు.

అయితే ఈ వలయం స్థితి 1945 కంటే విచిత్రమైనది. 2009 జూలై 26న విశాఖలో జలప్రవేశం చేసి, 2018 నవంబరులో తొలి నిరోధక గస్తీ (అంటే శత్రువు దాడికి వెనుకాడేలా అణ్వస్త్రాలతో నీటి అడుగున తిరగడం) ముగించిన అరిహంత్‌కు 2003 జనవరి 4న ప్రకటించిన విధానం ఒక హద్దు గీసింది: భారత్ ముందుగా అణ్వస్త్రం వాడదు, వాడితే ప్రతీకారంగానే. అంటే క్షిపణి వదిలే రోజుకు మన నగరమో, మన సేనో అప్పటికే దాడికి గురై ఉంటుంది. ఆ ప్రయోగం దాన్ని బతికించలేదు. స్టిమ్సన్‌కు ప్రాణాలు కాపాడామన్న సమర్థనైనా దొరికింది, ప్రతీకారానికి అదీ దొరకదు.

హిరోషిమా మీద చర్చకు ఇరువైపులా సాక్ష్యం ఉందని ఈ వలయం ఒప్పుకుంటుంది. కానీ మొదటి దెబ్బ, సోవియట్ దాడి టోక్యోలో ఏ మార్పు తెస్తాయో చూడకుండానే మూడు రోజులకు వేసిన నాగసాకి బాంబు అవసరమని నిరూపించగలిగిన వాదన ఏదీ దానికి ఇంతవరకు ఎదురుపడలేదు.