దుప్పి ట్యాగుల దొరలకు ఒక గోంగూర మడి విన్నపం

పెన్సిల్వేనియా గేమ్ కమిషన్ పెద్దలకు,
హారిస్‌బర్గ్.



ఈ లేఖరి జన్మలో తుపాకీ పట్టి ఎరుగడు. పిట్స్‌బర్గ్ శివారులో ఒక ఇల్లు, వెనక పెరడు, అందులో రెండు గోంగూర మళ్లు, ఒక చిక్కుడు పందిరి. అదీ అతగాడి సామ్రాజ్యం. మొన్న పొద్దున్నే కాఫీ గ్లాసుతో వెళ్లి చూస్తే మడిలో మోళ్లు మిగిలాయి. దొంగ ఎవరో కాడ చూడగానే తెలిసింది. కుందేలు కొరికితే కత్తిపెట్టి కోసినట్టు ఏటవాలుగా తెగుతుంది. దుప్పికి పైదవడన ముందుపళ్లుండవు. పట్టి లాగి తెంపుతుంది, కాడ కొస పీచులు తేలి ఉంటుంది. అక్కడున్నవన్నీ పీచులే.

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ తెల్లతోక దుప్పి మీ రాష్ట్ర జంతువు, 1959 నుంచి. తెలంగాణ రాష్ట్ర జంతువూ జింకే. ఒక రాష్ట్ర చిహ్నం గోంగూర తిని పోతే ఇంకో రాష్ట్రపు మనిషి ఎవరితో చెప్పుకోవాలి? అందుకే ఈ ఉత్తరం.

మీ కార్యాలయానికి రెండు రకాల మొర చేరుతుంటుందని ఈ లేఖరికి తెలుసు. పాటర్ కౌంటీ కొండల్లో తాతల నాటి వేట క్యాంపుకి వెళ్లినవాడు మూడు రోజులు చెట్టుమీద కూర్చున్నా తోక కూడా కనపడలేదంటాడు, ఆడవాటిని కొట్టడానికి అన్నన్ని ట్యాగులు, అంటే వేట అనుమతి చీటీలు, ఇచ్చి మందను తుడిచిపెట్టారంటాడు. ఊళ్లోవాడేమో సందె వేళ కారు తీస్తే రోడ్డుమీద ఐదు నిలబడి చూస్తున్నాయంటాడు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. దుప్పి అడవి నుంచి ఊరికి కాపురం మార్చింది. ట్యాగుల లెక్క మాత్రం ఇంకా అడవి చుట్టూనే తిరుగుతోంది.

పాత కథ ఒకసారి తలుచుకుందాం. 1895లో మీ కమిషన్ పుట్టేనాటికి ఈ రాష్ట్రంలో దుప్పి దాదాపు కనుమరుగైంది. 1906లో మిషిగన్ నుంచి 50 దుప్పుల్ని తెచ్చి వదిలారు. మరుసటి ఏడే ఆడదాన్ని కొట్టకూడదని చట్టం వచ్చింది. అది ఎంత బాగా పనిచేసిందంటే, ఇరవై ఏళ్లు తిరిగేసరికి అడవి మేతకు చాలలేదు. 1928లో మీరే మగవాటి వేట ఆపి ఆడవాటికే సీజన్ పెట్టవలసి వచ్చింది. కానీ తండ్రి దగ్గర ‘ఆడదాన్ని కొట్టకు’ అని నేర్చుకున్న కొడుకు దాన్ని మనవడికీ నేర్పాడు. మన భాషలో మగదానికి ఇర్రి, ఆడదానికి లేడి అని వేరే పేర్లు పెట్టుకున్నాం గాని, ఏది తగ్గితే మంద తగ్గుతుందో ఎవరూ చెప్పిపోలేదు. మీ జీవశాస్త్రవేత్తలు చెప్పారు: ఒక మగది పోతే దాని పని ఇంకో మగది చూసుకుంటుంది, ఆడది పోతే వచ్చే ఏడు పిల్లలు పుట్టవు.

ఆ మాట చెప్పినందుకు గేరీ ఆల్ట్ పడ్డ పాట్లు ఈ రాష్ట్రంలో అందరికీ గుర్తే. ఎలుగుబంట్ల మీద పరిశోధన చేసుకునే మనిషిని 1999లో తెచ్చి దుప్పుల బాధ్యత అప్పగించారు. ఆయన ఊరూరా సభలు పెట్టి ఆడవాటిని ఎక్కువ కొట్టండి, చిన్న కొమ్ముల మగవాటిని వదిలేయండి అన్నాడు. బెదిరింపులొచ్చాయి. బులెట్‌ప్రూఫ్ చొక్కా తొడుక్కుని వేదిక ఎక్కాడు. 2002లో కొమ్ముకు ఇన్ని కొనలుంటేనే మగదాన్ని కొట్టాలన్న నిబంధన వచ్చింది, ఆ సీజన్లో 5 లక్షల 17 వేలకు పైగా దుప్పులు పడ్డాయి. 2004 ఆఖరుకి ఆయన ఉద్యోగం వదిలి వెళ్లిపోయాడు.

ఆయన మాట తప్పేమీ కాదు. వాయవ్య పెన్సిల్వేనియా అడవుల్లో శాస్త్రవేత్తలు కంచెలు కట్టి, చదరపు మైలుకి సుమారు 10, 20, 40, 64 దుప్పుల లెక్కన పదేళ్లు మేపి చూశారు. మంద చిక్కనయ్యేకొద్దీ లేత మొక్క పోయి నేలంతా ఫెర్న్ పరుచుకుంది. నడిమి కొమ్మల్లో గూళ్లు కట్టే పిట్టలు, 10 ఉన్నచోటితో పోలిస్తే 64 ఉన్నచోట, 37 శాతం తగ్గాయి. పిట్ట పాడకపోవడానికి దుప్పి పళ్లు కారణమని వేటగాడికి ఎవరు చెప్పినా నమ్మడు మరి. నమ్మకపోతే ఆంధ్రలోని రోళ్లపాడు వెళ్లి అడగమనండి. బట్టమేక పిట్ట కోసం పెట్టిన ఆ అభయారణ్యంలో కృష్ణజింకలు పెరిగి పక్క పొలాల్లో పడ్డాయి, రైతు మనసు విరిగింది, పిట్ట కూడా మిగల్లేదు. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను ముట్టుకుంటే జైలు. ఇక్కడ 6 డాలర్ల 97 సెంట్లు కడితే ఆడదుప్పి లైసెన్సు.

2023–24లో అలాంటి ఆడ లైసెన్సులు 11 లక్షలకు దగ్గరగా కేటాయించారు. పడ్డవి సుమారు 2 లక్షల 58 వేలు. అంటే నాలుగు కాగితాలకు ఒక దుప్పి. కాగితాల సంఖ్య చూసి కొండల్లో వేటగాడు గుండెలు బాదుకుంటున్నాడు. అది చంపేవాటి లెక్క కాదు, ప్రయత్నాల లెక్క. ఈ ముక్క మీరు లైసెన్సు మీదే అచ్చు వేయించరాదా?

పోతే, ఊళ్లో ఇచ్చిన ట్యాగు ఎందుకు పనికిరాదో మీకూ తెలుసు. జనం ఉండే ఇంటికి 150 గజాల లోపు తుపాకీ, 50 గజాల లోపు విల్లు ఆ ఇంటివాళ్లు ఒప్పుకోకుండా ఎత్తకూడదు. మంచి నిబంధనే. కానీ శివారులో ఇల్లూ ఇల్లూ మధ్య 50 గజాలెక్కడివి? దుప్పి ఆ సందుల్లోనే కాపురం. పిట్స్‌బర్గ్ నగరం 2023లో ఫ్రిక్, రివర్‌వ్యూ పార్కుల్లో విలుకాళ్లను లాటరీ వేసి, గురి పరీక్ష పెట్టి దింపింది. శివారు టౌన్‌షిప్పులన్నీ ఆ పని చేసేలా మీరు వెంటపడాలి. లైసెన్సు అమ్మే చోటే, అనుమతి ఇచ్చే ఇళ్ల జాబితా కూడా పెట్టండి. ఎకరాలున్నవాళ్లకు అదనపు ట్యాగుల పథకం ఉంది. గోంగూర మడికి ఎకరాలుండవు.

ఇంతా చెప్పి ఒకటి దాచడం బాగుండదు. పోయిన ఏడు ఒక పెద్దాయన తలుపు తట్టి, వేటకు పెరటి చివర చెట్టుమీద కూర్చోవచ్చా అని మర్యాదగా అడిగాడు. ఈ లేఖరి ఇంట్లోవాళ్ల మొహాలు చూసి, వీలుకాదని చెప్పి పంపించాడు. మీ ట్యాగు మిగిలిపోవడంలో ఈ లేఖరి వాటా కూడా ఉంది.

ఇట్లు,
పెరడు మిగిలిన ఒక తెలుగువాడు

తా.క.: నిన్న ఆ పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఈసారి అనుమతి కాగితం మీద సంతకం పడింది. చిక్కుడు పందిరి వైపు గురిపెట్టవద్దని కింద రాసిచ్చారు.