సారు క్యాంపులో ఉన్నారు

తెలుగునాట ‘క్యాంపు’ అన్న మాటకు రెండర్థాలు స్థిరపడిపోయాయి. ఆఫీసులో గుమస్తా ‘సారు క్యాంపులో ఉన్నారు’ అన్నాడంటే ఆ పూటకు మన ఫైలు కదలదని లెక్క. ఎమ్మెల్యేలు క్యాంపులో ఉన్నారంటే బలపరీక్ష దాకా ఎదుటి పక్షం చేతికి చిక్కరని లెక్క. 1984లో ఎన్టీఆర్ పక్షాన నిలిచినవాళ్లు కర్ణాటకలో బస చేసిన రోజులు ఇప్పటికీ గుర్తున్నవాళ్లున్నారు. రెండింటిలోనూ కిటుకు ఒక్కటే: మనిషి ఉండాల్సిన చోట ఉండడు, అయినా డ్యూటీ మీద ఉన్నట్టే. ఇంగ్లండులో ఆదివారాలు సైకిలు తొక్కే బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, ప్లంబర్లు ఈ కిటుకును మన దగ్గర పాఠం చెప్పించుకోకుండానే పట్టేశారు. చలికాలం చివర్లో మొదలుపెట్టి మే దాకా క్లబ్బులకు క్లబ్బులు సైకిళ్లు విప్పి, పెట్టెల్లో సర్దుకుని, స్పెయిన్‌లోని మయోర్కా దీవికి విమానమెక్కుతాయి. ఆ వారం రోజుల ప్రయాణానికి వాళ్లు పెట్టుకున్న పేరు ట్రైనింగ్ క్యాంపు. కాళ్లకు ఆ క్యాంపుతో పెద్ద పని లేదనీ, పనంతా ఆ పేరుతోనేననీ నా వాదన.

అసలు రేసర్లూ అక్కడికే వెళ్తారు కదా అంటారు. వెళ్తారు, కాదనను. 2012లో టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం గెలిచిన తొలి బ్రిటిషర్ బ్రాడ్లీ విగ్గిన్స్, అతని టీమ్ స్కై మయోర్కాలో సాధన చేశారు. తర్వాత టెనెరిఫే అనే మరో స్పెయిన్ దీవికి వెళ్లి, తైదే అగ్నిపర్వతం మీద రెండు వేల మీటర్లకు పైన ఉన్న హోటల్లో మకాం పెట్టారు. అంత ఎత్తున ఊపిరికి ఆక్సిజన్ తక్కువ అందుతుంది. ఆ లోటు తీర్చుకోవడానికి ఒళ్లు ఎర్ర రక్తకణాలను పెంచుకుంటుంది. ఆ పెంపు అక్కరకొచ్చే స్థాయికి రావాలంటే మూడు నాలుగు వారాలు పడుతుంది. మన క్లబ్బువాళ్లు ఉండేది ఏడు రోజులు, అదీ సముద్రం ఒడ్డున, బాల్కనీ ఉన్న గదిలో. దీవిలో అన్నిటికన్నా ఎత్తయిన పూయిగ్ మజోర్ కొండే 1,436 మీటర్లు. దాని కొన మిలిటరీ వాళ్ల చేతిలో ఉంది కాబట్టి అక్కడ గది దొరికే ప్రశ్నే లేదు. అయినా అసలు రేసరు దగ్గర ఉండి వీళ్ల దగ్గర లేనిది కొండా కాదు, గాలీ కాదు, తీరిక. తొక్కడం, తినడం, పడుకోవడం, ఇవే అతని ఉద్యోగం. సైకిలు కడిగేవాడు ఒకడు, కాళ్లు పిసికేవాడు ఒకడు. వీళ్లు అతని జెర్సీ కొన్నారు, చక్రాలు కొన్నారు, కళ్లజోడు కూడా కొన్నారు. తీరిక మాత్రం ఏ కొట్లోనూ దొరకలేదు.

ఈ క్యాంపుకు ప్రధాన దైవం సా కలోబ్రా. అది పోయి పోయి సముద్రంలో ఆగిపోయే రోడ్డు. అంతోనియో పరియెట్టి అనే ఇంజినీరు గీసిన ఈ దారి 1932లో పూర్తయింది. సరుకు కోసమో సైన్యం కోసమో కాదు, చూడవచ్చేవాళ్ల కోసం వేసింది. కనుమ మీంచి ఒడ్డు దాకా తొమ్మిదిన్నర కిలోమీటర్లు, ఇరవై ఆరు మలుపులు. ఒకచోట రోడ్డు తన కిందనుంచి తానే దూరి పోతుంది. ఆ మెలికకు నెక్‌టై ముడి అని పేరు. పడవలో వస్తే తప్ప, ఈ కొండ ఎక్కాలనుకున్నవాడు ముందు దిగాలి. అవసరంలేని చోటికి దిగి, దిగినందుకు దాదాపు ఏడు వందల మీటర్లు ఎక్కి, బయల్దేరిన చోటికే చేరడం! పని చేస్తున్నట్టు కనబడడానికి ఇంతకన్నా పకడ్బందీ ఏర్పాటు మన సచివాలయంలో కూడా లేదు. ఇక ఆ ఎక్కడంలో లెక్క చూద్దాం. మనిషీ సైకిలూ కలిపి ఎనభై కిలోలు, తొక్కే శక్తి రెండు వందల వాట్లు అనుకుంటే, ఆ ఎత్తు లాగడానికే ముప్పావు గంట. సైకిలు బరువు ఒక కిలో తగ్గిస్తే మిగిలేది అర నిమిషం. ఆ కిలో సైకిల్లో తగ్గాలంటే కార్బన్ ఫైబర్ కోసం పెద్ద మొత్తమే వదిలించుకోవాలి, పొట్టలో తగ్గాలంటే పైసా ఖర్చు లేదు. కొన్నవాడే ఆ సాయంత్రం ఎన్సయిమాడా ముందు కూర్చుంటాడు. పంది కొవ్వుతో చేసే ఆ స్థానిక మిఠాయి కూడా, పరియెట్టి రోడ్డులాగే, చుట్టలు చుట్టుకుని ఉంటుంది.

వారం కష్టపడితే ఎంతో కొంత బలం రాదా? వస్తుంది, కానీ తొక్కుతున్నప్పుడు కాదు, ఆ తర్వాత విశ్రాంతిలో. వారానికి ఆరు గంటలు తొక్కే మనిషి ఒక్కసారిగా పాతిక గంటలు తొక్కి, ఆదివారం రాత్రి విమానం దిగి, సోమవారం పొద్దున ఆఫీసులో కూర్చుంటే, ఆ బలం ఏ సందులోంచి రావాలి? గుంపులో తొక్కే నేర్పు వస్తుందన్న మాట కొంత నిజమే. అయితే ముందువాడి చాటున తొక్కేవాడికి గాలి దెబ్బ బాగా తగ్గుతుంది కాబట్టి, చాటు బాగా నేర్చినవాడే అందరికన్నా తక్కువ కష్టపడతాడు. ఈ విద్యకు మాత్రం మన పార్టీల్లో గురువులు దొరుకుతారు.

ఇంగ్లండు చలిలో మంచు పట్టిన రోడ్ల మీద ఏం తొక్కుతాం అన్నది బలమైన అభ్యంతరం. ఒప్పుకుంటాను. కానీ అది ఎండ కోసం వెళ్లడం, శిక్షణ కోసం కాదు. కాళ్లకే పని చెప్పాలంటే ఇంట్లో స్టాండుకు బిగించిన సైకిలు చాలు, ఇప్పుడు దాని ముందున్న తెర మీద కొండలు కూడా వస్తాయి. వాళ్ల డబ్బు, వాళ్ల ఇష్టం, మధ్యలో నీకేంటి అనేవాళ్లకూ జవాబుంది: నాకేమీ లేదు. పైగా 2024 వేసవిలో పర్యాటకులు మితిమీరారంటూ జనం పాల్మా వీధుల్లోకొచ్చిన దీవి అది. రద్దీ లేని నెలల్లో వచ్చి, చీకటి పడేసరికి నిద్రపోయే అతిథుల మీద హోటళ్లకు ఫిర్యాదు ఉంటుందనుకోను. మన సార్ల క్యాంపులకు టీఏ బిల్లులుంటాయి, వీళ్లు పాపం చేతి డబ్బే పెట్టుకుంటున్నారు.

అందుకే వెళ్లొద్దని నేననడం లేదు, సెలవుకు వెళ్తున్నాం అని చెప్పమంటున్నాను. చెప్పరు. ట్రైనింగ్ క్యాంపు అంటే ఇంట్లోవాళ్లు జాలిపడి సంచీ సర్దిపెడతారు. సెలవు అంటే, మరి మా టికెట్లేవీ అంటారు.