గింజల అర్ర స్టూడియో

పాలమూరు, నల్లగొండ వైపు ఇప్పుడు బోరు లేని ఊరైనా దొరుకుతుందేమో గానీ యూట్యూబు చానల్ లేని ఊరు దొరకదు. బతుకమ్మకు ఒక పాట, బోనాలకు ఒక పాట, లగ్గాల కాలంలో బావామరదళ్ళ పాట. రాసేవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు, పాడేవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు, డప్పు కొట్టేవాళ్ళు పిలవకపోయినా వస్తారు. రికార్డింగుకు మాత్రం హైదరాబాదు బస్సెక్కాలి. అక్కడ స్టూడియోకు గంటల లెక్కన కిరాయి. మా బామ్మర్దికి గొంతు సవరించుకోవడానికే గంట పడుతుంది.

"బావా, మీ తాత కట్టించిన పాతిల్లు ఉత్తగనే ఉన్నది గద, స్టూడియో జేద్దాం" అన్నాడు వాడు.

ఆ ఇల్లు కూలగొట్టి మడిగెలు కట్టాలని మా నాయిన ఆశ. ఆయన్ని మెత్తబరచడానికి బామ్మర్ది ప్రపంచ చరిత్ర విప్పాడు. అమెరికాలో బెర్రీ గోర్డీ అనే ఆయన ఇంటివాళ్ళ దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని 1959లో పాటల కంపెనీ పెట్టాడనీ, డెట్రాయిట్‌లో ఒక ఇల్లు కొని దాని గ్యారేజీలోనే రికార్డింగులు చేశాడనీ, అదే మోటౌన్ అనీ చెప్పాడు. మన రెహమాన్ కూడా 1989లో చెన్నైలో ఇంటి దగ్గరే స్టూడియో కట్టుకున్నాడన్నాడు. బిల్లీ ఐలిష్ అనే పిల్ల, వాళ్ళన్న పడకగదిలో పాడిన ఆల్బమ్ 2019లో వచ్చి, మరుసటి ఏడు గ్రామీలు మూటగట్టుకుందన్నాడు. నాయిన అంతా ఓపిగ్గా విని ఒక్కటే అడిగాడు.

"గా ఎన్మిది వందల డాలర్లు వాపస్ ఇచ్చిండా?"

ఇచ్చాడని బామ్మర్ది ఒట్టేశాడు. ఇల్లు మాకు దక్కింది, పైసలు దక్కలేదు.

పాలమూరు పాత ఇళ్ళ సంగతి తెలిసిందే. రెండడుగుల మందం మట్టి గోడలు, పైన దూలాలు, వాసాలు, వాటి మీద మళ్ళీ మట్టి. మా ఇంటి వెనక భాగంలో వడ్ల గుమ్ములు పెట్టుకునే అర్ర ఒకటి ఉంది. దానికి కిటికీ లేదు. దొంగల భయంతో తాత పెట్టించలేదు. శబ్దాన్ని ఆపేది గోడ బరువే. బరువు రెట్టింపైతే గోడ దాటే శబ్దం సుమారు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. హైదరాబాదులో లక్షలు పోసి కట్టుకునే గోడను మా తాత ఎడ్లబండ్ల మీద మట్టి తోలించి కట్టేశాడు. ఆయనకు తెలియకుండానే సౌండ్ ఇంజనీరు అయ్యాడని బామ్మర్ది ఫొటోకు దండ వేశాడు. సంక్రాంతికి కూడా ఆయనకు అంత పెద్ద దండ పడలేదు.

మర్నాడు వాడు షాద్‌నగర్ వైపు కోళ్ళ ఫారాల నుంచి ట్రాలీ ఆటో నిండా గుడ్ల ట్రేలు దించాడు. గోడలకు అతికిస్తే సౌండు బయటికి పోదట. అవి ఉత్త కాగితం గుజ్జురా, బరువు లేనిది శబ్దాన్ని ఆపదు అని నేను చెబుతూనే ఉన్నాను. ఈలోపు అవ్వ వచ్చి ఆటోలోకి తొంగి చూసి, "గుడ్లేవిరా?" అంది. ఆ ప్రశ్నతో ట్రేలు వచ్చిన తోవనే పోయాయి.

శబ్దాన్ని ఆపడం వేరు, పీల్చుకోవడం వేరు. ఈ రెండో పని లెక్క తేల్చినవాడు వాలెస్ సాబిన్. 1895లో హార్వర్డులో ఒక లెక్చరు హాలు పాఠం అర్థం కానంతగా మార్మోగుతోందని ఆయనకు అప్పగించారు. ఆయన పక్కనున్న నాటకశాల నుంచి రాత్రిపూట మెత్తలు మోయించుకొచ్చి హాల్లో పరిచి, ఎన్ని మెత్తలకు ఎంత మోత తగ్గుతుందో కొలిచి, తెల్లారేసరికి మళ్ళీ సర్దేవాడు. గదుల ధ్వనిశాస్త్రమంతా ఆ మెత్తల మీదే లేచింది.

మాకు మెత్తలెందుకు? కురుమలు నేసిన గొంగళ్ళు ఇంట్లో ఉన్నాయి. దట్టమైన ఉన్ని, లోపల గాలి పట్టి ఉంటుంది, పై స్థాయి శబ్దాలను బాగా తాగుతుంది. గోడకు కాస్త ఎడంగా వేలాడదీస్తే ఇంకా బాగా తాగుతుంది. కింది స్థాయి కోసం నల్లగొండ మేనత్తను ఆశ్రయించాం. పదడుగుల అర్రలో ఎదురెదురు గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలబడిపోతుంది, డప్పు కొడితే అర్రంతా గుంయ్‌మంటుంది. వానకు తడిసి రంగు మారిన పత్తి అత్త దగ్గర ఉంది. దాన్ని ఎండబెట్టి గోనె సంచుల్లో కుక్కి మూలల్లో కప్పు దాకా పేర్చాం. మోత తగ్గింది. కాకపోతే పత్తి కాబట్టి బీడీ కూడదని బోర్డు పెట్టాల్సి వచ్చింది. ఆ బోర్డు చదివి ఇద్దరు డప్పు కళాకారులు వెనక్కి పోయారు.

ఇక కరెంటు. పాతింటికి ఎర్తింగ్ లేదు. మైకు పెట్టగానే స్పీకర్లలో యాభై హెర్ట్జ్ మోత. హార్మోనియం పెద్దాయన చెవి పెట్టి విని, "మీ కరెంటు ఐదు శ్రుతికి జర మీద ఉన్నది" అన్నాడు. నిజమే, లెక్క అంతే వస్తుంది. ఆ శ్రుతిలో పాడేవాళ్ళకు తంబురా అక్కర్లేదని బామ్మర్ది వాదించాడు. గుంత తవ్వి, ఉప్పు, బొగ్గు నింపి, రాగి తీగ దించి, నీళ్ళు పోశాక ఆ తంబురా ఆగింది.

ఇంత నిశ్శబ్దం దేనికి అని నాయిన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. డప్పుకైతే అక్కర్లేదు. కానీ పన్నెండు మెట్ల కిన్నెరతో దర్శనం మొగులయ్యకు 2022లో, బుర్రవీణతో దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీలు వచ్చింది ఈ పాలమూరు గడ్డకే. సొరకాయ బుర్రల మీద పలికే అలాంటి వాద్యాల గొంతు చిన్నది. దాన్ని పట్టుకోవాలంటే కండెన్సర్ మైకు కావాలి. కండెన్సర్ మైకేమో ఆడపడుచు చెవులతో పుట్టింది, అనకూడనిదే ముందు వింటుంది. ఒక ప్రేమపాటలో బామ్మర్ది "ప్రాణమిస్తా" అనగానే దూలం మీద బల్లి పలికింది. ఆ టేకు తీసేద్దామంటే, సత్యమని బల్లి చెప్పాక తీస్తారా అని అవ్వ ఒప్పుకోలేదు. ఆ పాట బల్లితోనే విడుదలైంది.

తలుపు సంగతి మరీ చిత్రం. గోడంతటిలో నూటికి ఒక వంతు సందు ఉంటే చాలు, ఎంత మందం గోడైనా ఇరవై డెసిబెల్స్‌కు మించి ఆపలేదు. తలుపు చుట్టూ పాత సైకిల్ ట్యూబు కోసి కొట్టాం. శబ్దం ఆగింది, దానితో గాలీ ఆగింది. పాలమూరు ఎండాకాలంలో, ఫ్యాను బంద్ చేసి, చుట్టూ గొంగళ్ళ మధ్య చరణం పాడిన గాయకుడు బయటికొస్తే వాళ్ళమ్మ కూడా గుర్తుపట్టదు. గాలి కావాలంటే తలుపు తీయాలి, తీస్తే ఊరు లోపలికొస్తుంది.

అప్పుడు తెలిసింది, పైసలు లేనివాడి స్టూడియో గోడలతో కాదు, ఒప్పందాలతో నిలబడుతుందని. మసీదు అజాకు వేళలున్నాయి కనుక ఆ వేళకు మేం చాయ్ తాగుతాం. పక్కింటి పిండిగిర్ని కాక మధ్యాహ్నం రెండు గంటలు గిర్ని ఆపుతాడు. బదులుగా ఆయన బిడ్డ లగ్గం పాట ఊరికే చేసిపెట్టాలి. చిన్నాయిన బోరు మోటారు కష్టమైంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు, ఎప్పుడు ఆపమని అడుగుతాం? "పాట ముఖ్యమా, పంట ముఖ్యమా?" అన్నాడు. పాటలో ఆయన పొలాన్ని చూపిస్తామన్నాక పంట కాసేపు ఆగింది.

లొంగనివాడు పాత ఇనుప సామాను ఆటో అతను. మంచి టేకు పడుతున్నప్పుడే గల్లీలోకి మైకుతో దిగేవాడు. ఒకరోజు తనే తలుపు తట్టాడు. అరిచి అరిచి గొంతు పోయిందట, రికార్డు చేసిపెట్టమన్నాడు. గొంతు బామ్మర్ది ఇచ్చాడు. గొంగళ్ళు, పత్తి, ఎర్తింగు, ట్యూబు అన్నీ పనిచేసి తేటగా వచ్చింది. అతను విని మొహం మాడ్చుకున్నాడు.

"గిదేంది సార్, గింత ఎండినట్లున్నది? జర ఎకో పెట్టుండ్రి."

ఏ మార్మోతను చంపడానికి ఇల్లంతా కప్పామో, ఆ మార్మోతనే కంప్యూటర్‌లోంచి తీసి దండిగా పోశాం. అతను పొంగిపోయి కిరాయి ఎంతన్నాడు. పైసలు వద్దన్నాం. మా గల్లీలోకి వచ్చినప్పుడు ఆటో మైకు బంద్ పెడితే చాలన్నాం. మాట మీద నిలబడ్డాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మా బామ్మర్ది గొంతు ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో పొద్దున్నే మోగుతోంది, ఒక్క మా గల్లీలో తప్ప.