ఫోన్ మూలన బుల్లి ‘ఇ’

2019 జనవరిలో అమెరికాలో టెలికాం కంపెనీ ఏటీ అండ్ టీ వినియోగదారులు కొందరి ఫోన్లు ఉన్నట్టుండి 5జి అయిపోయాయి. కొత్త ఫోన్ కొన్నది లేదు, ఊళ్లో కొత్త టవర్ లేచిందీ లేదు. ఓ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చి, తెర పైమూలన 4జి గుర్తుగా ఉన్న ‘ఎల్‌టీఈ’ని పీకేసి ‘5జి ఇ’ అని పెట్టి వెళ్లింది. 5జి బాగానే కనపడేది. పక్కనున్న ‘ఇ’ మాత్రం చత్వారం వచ్చినవాళ్లకు ఆనదు. ఆ బుల్లి అక్షరం ‘ఎవల్యూషన్’కట! అంటే 5జి ఇంకా రాలేదు, దారిలో ఉంది. పెళ్లిచూపుల నాడే శుభలేఖలు పంచేసినట్టు.

లోపలున్నది కాస్త మెరుగులు దిద్దిన 4జీయే. మార్చిలో ఓపెన్‌సిగ్నల్ సంస్థ కొలిచి చూస్తే, దాని వేగం పోటీ కంపెనీల మామూలు 4జి వేగానికి అటూ ఇటూగానే తేలింది.

పోటీ కంపెనీ టీ-మొబైల్ ఊరుకుంటుందా? ఫోన్ మీద ‘9జి’ అని రాసిన చీటీ అంటిస్తున్న వీడియో పెట్టి, ఇంత తేలికని తెలియనే లేదే అని వెక్కిరించింది. నిజానికి ఆ విద్య దానికి కొత్తేమీ కాదు. 2010లో 3జి కుటుంబానికి చెందిన హెచ్‌ఎస్‌పీఏ ప్లస్‌ను 4జి పేరుతో అమ్మింది ఆ మహాతల్లే. మరో పోటీ కంపెనీ స్ప్రింట్‌కు మాత్రం నవ్వు రాలేదు. ఏటీ అండ్ టీ మీద కోర్టుకెక్కి, ఆనక రాజీపడింది. 2020లో ప్రకటనల సమీక్ష మండలి తప్పుపట్టాక ఏటీ అండ్ టీ ప్రకటనల్లో ‘5జి ఇ’ పేరు మానేస్తానంది. ఫోన్లలో గుర్తు జోలికి మాత్రం పోలేదు. టవరుకు డబ్బు కావాలి, అక్షరానికేం కావాలి?

‘అన్‌లిమిటెడ్’ కథ ఇంకా రంజుగా ఉంటుంది. ఆ పేరుతో ప్లాన్లు అమ్మి, కొందరికి నెలలో 2 జీబీ దాటగానే వేగం కోసేసిందని ఇదే ఏటీ అండ్ టీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో దావా వేసింది. 2019లో 6 కోట్ల డాలర్లకు వ్యవహారం తెగింది.

2018లో కాలిఫోర్నియా అడవులు తగలబడుతుంటే, శాంటా క్లారా కౌంటీ అగ్నిమాపక దళం వాహనంలోని కనెక్షన్‌కు వెరైజన్ కంపెనీ వేగం తగ్గించేసింది. అదీ అన్‌లిమిటెడ్ ప్లానే. మంటలార్పే పనిలో ఉన్నాం మహాప్రభో అంటే, ఖరీదైన ప్లాన్‌కు మారమని సలహా వచ్చింది. పొరపాటైందని కంపెనీ తర్వాత ఒప్పుకుంది.

మన దగ్గరా రోజుకింత అని ఇచ్చిన డేటా అయిపోతే, చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు దిగుతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. మనవరాలి ఓణీల ఫంక్షన్ ఫొటో ఒక్కటి, 4 ఎంబీది, వాట్సాప్‌లో దిగాలంటే ఎనిమిది నిమిషాల పైమాటే. అమ్మమ్మకు ఆ జడగంటలు, పట్టీలు ఎప్పటికి కనపడతాయన్నది ఆరోజు సిగ్నల్ దయ. 2023 నుంచి ప్రభుత్వ లెక్కలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలి. ఇది అందులో ముప్పయ్యో వంతు కూడా లేదు. అయినా నెట్ ఆగలేదు కదా, అన్‌లిమిటెడ్ అన్నమాట నిలబెట్టుకున్నట్టేనట!

ఈసారి రీఛార్జి చేసేముందు రోజుకెన్ని జీబీలన్నదే కాదు, అవి అయిపోయాక వేగమెంతో కూడా చదవండి. అది ఎప్పుడూ చిన్నక్షరాల్లోనే ఉంటుంది.