రూపాయి మాత్ర, వేల కోట్ల జ్ఞానోదయం

మన దేశానికి ‘ప్రపంచ ఔషధశాల’ అని బిరుదు. హైదరాబాద్‌కు బల్క్ డ్రగ్ రాజధాని అని ఇంకో బిరుదు. 2020 మొదట్లో కోవిడ్‌తో చైనాలోని హుబేలో తాళాలు పడేసరికి మన ఔషధశాల కౌంటర్ వెనకనుంచి ఓ నీరసపు గొంతు వినిపించింది: “సరుకు రాలేదండీ, రేపు కనుక్కోండి!”

మార్చి 3న కేంద్రం 26 రకాల ముడిమందులు, మందుల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. జాబితాలో మన పారాసిటమాల్ కూడా ఉంది. ఏప్రిల్‌లో, కోవిడ్‌కు పనిచేస్తుందని అప్పట్లో అనుకున్న హైడ్రాక్సీక్లోరోక్విన్ వంతొచ్చింది. 4న ఎగుమతి పూర్తిగా నిషేధం, 6న ట్రంప్ నోట ప్రతీకారమన్న మాట, 7న నిషేధం సడలింపు. స్వావలంబన మనింటికి వచ్చి, కాఫీ తాగి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

అప్పట్నుంచీ సరఫరా గొలుసును పటిష్ఠం చేయడమనే కొత్త పరిశ్రమ పుట్టింది. దీనికి ముడిసరుకు కొరత లేదు. సదస్సుకు ఓ స్టార్ హోటలు, బిస్కెట్లు, తెర ఉంటే చాలు. 2021లో సూయజ్ కాలువకు అడ్డంపడి ఆరు రోజులు ప్రపంచ వర్తకాన్ని నిలబెట్టిన ‘ఎవర్ గివెన్’ ఓడ బొమ్మతో ప్రసంగం మొదలవుతుంది. ‘చైనా ప్లస్ వన్’, అంటే చైనాతో పాటు ఇంకో చోటు, అనగానే చప్పట్లు. ఆ ‘వన్’ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న ముచ్చట భోజనాల తర్వాత. భోజనాలయ్యాక అందరికీ ఫ్లైట్ టైమవుతుంది.

నిజానికి ఆ ‘వన్’ మన హైదరాబాద్ బాలానగర్‌లోనే ఉండేది. 1961లో ఏర్పడి, సోవియట్ సాయంతో ఫ్యాక్టరీలు కట్టుకున్న ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్. రిషీకేశ్‌లో యాంటీబయాటిక్స్, హైదరాబాద్‌లో సింథటిక్ మందులు. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి కొలువు చేసింది ఇక్కడే. నగరంలో ఫార్మా విద్య తెలిసినవాళ్లు చాలామంది ఈ గేటులోంచే బయటికొచ్చారు. తర్వాత ఆ సంస్థ ఖాయిలా పడింది. (అజమాయిషీ కూడా దివ్యంగానే ఉండేది, తప్పంతా చైనా చౌక సరుకు మీదకు నెట్టడం న్యాయం కాదు.) 2016 డిసెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం మూసేద్దామంది, మిగులు భూములు అమ్మేద్దామంది. మందుకు గిరాకీ లేకపోతేనేం, గజానికి ఉంది కదా!

2020 మార్చిలో అదే మంత్రివర్గం ముడిమందులు ఇక్కడే చేసేవాళ్లకు ప్రోత్సాహకంగా రూ.6,940 కోట్లు ప్రకటించింది. రెండు నిర్ణయాల మధ్య నాలుగేళ్లు కూడా లేవు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మనవాళ్లు ఊరికే అనలేదు.

సరే, డబ్బు పెట్టారు, పని జరిగింది. దేశంలో దాదాపు మూడు దశాబ్దాలుగా ఆగిపోయిన పెన్సిలిన్-జి తయారీ 2024లో కాకినాడ జిల్లాలో అరబిందో అనుబంధ సంస్థ చేతుల్లో మళ్లీ మొదలైంది. సంతోషించేలోపే చైనా సరుకు ధర దిగింది. ఫ్యాక్టరీ పెట్టినవాళ్లు కనీస దిగుమతి ధర పెట్టండి మహాప్రభో అన్నారు. ఆ సరుకు కొని అమాక్సిసిలిన్ చేసుకునే చిన్న కంపెనీలు, అలా చేస్తే మేం మునిగిపోతామన్నాయి. ఇద్దరి మాటా నిజమే. 500 ఎంజీ పారాసిటమాల్ మాత్ర ఇంచుమించు రూపాయి దాటకూడదని ప్రభుత్వమే గీత గీసింది. ఆస్పత్రి టెండర్‌లో తక్కువ కోట్ చేసిన ‘ఎల్-1’కే పెళ్లికూతురు. మందు చౌకగా కావాలి, స్వదేశీది కావాలి, రేపు యుద్ధమొచ్చినా ఆగకూడదు, పైసా మాత్రం పెరగకూడదు. ఇన్ని షరతులు మోయాల్సిన గొలుసు ఇనుముతో కాదు, వజ్రంతో చేసినా తెగుతుంది.

చౌకగా కొన్నన్నాళ్లూ మనం బీమా ప్రీమియం కట్టకుండా నెట్టుకొచ్చామని ఒప్పుకునే సదస్సు ఇంతవరకూ నా కంటపడలేదు.

మంత్రిగారికి ఒక్కటే మనవి. మాత్రల స్ట్రిప్ మీద కంపెనీ చిరునామా ఉంటుంది, బ్యాచ్ నంబరుంటుంది, గడువు తేదీ ఉంటుంది. లోపలి ముడిమందు ఏ దేశానిదో మాత్రం ఉండదు. ఆ ఒక్క ముక్కా అచ్చు వేయించండి. ఇంకో రూపాయి పెట్టాలో వద్దో జ్వరమొచ్చినవాడే తేల్చుకుంటాడు.