ఇంకా మంజూరు కాని పోస్టులోని అధికారిగారికి బహిరంగ లేఖ

క్రీడా మైదానాల భద్రతా ధ్రువీకరణాధికారి గారికి,
పిట్టలవానిపాలెం మండలం, బాపట్ల జిల్లా.

అయ్యా,

మీ పోస్టు ఇంకా పుట్టలేదని తెలిసే ఈ అర్జీ రాస్తున్నాను. కుర్చీ లేని అధికారికి రాసుకోవడంలో ఒక సుఖం ఉంది. ఆయన "రేపు రండి" అనరు. ముందుగా మీ దృష్టికి ఒక వింత తేవాలి. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద, ఊరి చివర డేరా వేసి బొమ్మ ఆడించే టూరింగ్ టాకీసుకు కూడా లైసెన్సు కావాలి. లోపల ఎంతమంది కూర్చోవచ్చో కూడా లెక్క ఉంటుంది. అదే జనం సంక్రాంతికి కబడ్డీ చూడటానికి సరుగుడు కర్రల గ్యాలరీ ఎక్కితే మాత్రం ఆ లెక్క అడిగే నాథుడు లేడు. పోలీసు అనుమతి ఉందిగా అంటారు. అది మైకు గురించి, గొడవల గురించి. కర్రల గురించి కాదు. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలయ్యే వేళ తాత్కాలిక గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. జాతీయ పోటీలకే దిక్కు లేకపోతే మండల స్థాయి పోటీల సంగతి చెప్పాలా?

గ్యాలరీ కూలేది బరువుకు ఒక్కదానికే కాదు. నిలువు కర్రలు చాలాసార్లు గట్టివే. అవి పక్కకు వాలకుండా పట్టే ఏటవాలు కర్రల దగ్గరే పొదుపు చేస్తారు. కూతకు వెళ్లినవాడు గీత అందుకోబోతుంటే వరుసలన్నీ ఒక్కసారిగా లేచి ఒకవైపు ఒరుగుతాయి. కూర్చున్నప్పటి బరువు నేలకు దిగుతుంది, లేచిన ఊపు గ్యాలరీని పక్కకు తోస్తుంది. కోత కోసిన చేలో కర్ర కింద పలకో ఇటుకో పెట్టకపోతే ఒక మూల దిగబడి, దాని వెనకే మిగతాదీ ఒరిగిపోతుంది. తెలిసినవాడు ఒక్క చుట్టు తిరిగితే ఇవన్నీ కళ్లబడతాయి. తిరగమని ఎవరికీ చెప్పలేదు, అంతే.

పండగపూట కుర్రాళ్ల ఆటకు కూడా సర్టిఫికెట్టా అని గదమాయిస్తారు. అన్నిటికీ అక్కర్లేదు. గట్టు మీద నిలబడి చూసే వాలీబాల్ జోలికి మీరు రావద్దు. 1971లో గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానం మెట్ల మీద 66 మంది చనిపోయాక, బ్రిటన్ 1975లో ధ్రువీకరణ అధికారాన్ని స్థానిక సంస్థలకు ఇచ్చింది. అదైనా పదివేలకు మించి జనం పట్టే మైదానాలకే. 1985లో బ్రాడ్‌ఫర్డ్‌లో స్టాండు తగలబడి 56 మంది పోయాక, 1987లో, ఐదువందల మంది పట్టే కప్పున్న స్టాండ్లనూ చట్టం కిందికి తెచ్చారు. మన గీత ఎక్కడన్నది తేల్చుకోవచ్చు. నా మటుకు మనిషి ఎత్తు దాటిన ప్రతి గ్యాలరీనీ చూడాల్సిందే.

అసలు బరువైన అభ్యంతరం వేరే. ఇంకో సంతకం అంటే ఇంకో చెయ్యి తడపడమే కదా, అదైనా ప్రాణం కాపాడుతుందా అని. నిజమే, అదే బ్రిటన్‌లోని హిల్స్‌బరో మైదానానికి 1979లోనే సర్టిఫికెట్టు ఇచ్చారు. తర్వాత మైదానంలో మార్పులు జరిగినా దాన్ని సవరించలేదు. 1989లో అక్కడి తొక్కిసలాట 97 మందిని బలి తీసుకుంది. అందుకే బీరువాలో పడుకునే కాగితం నాకొద్దు. గ్యాలరీ ఎక్కే మెట్టు దగ్గరే ఎంతమంది, ఏ తేదీన చూశారు, ఎవరు చూశారు అన్నది పలక మీద రాసి కట్టండి. ప్రతి పోటీకీ కొత్త పలక. లంచం ఆగిపోతుందని నేనూ నమ్మను. కానీ తన పేరు ఊరి మధ్య వేలాడుతుంటే సంతకం పెట్టే చెయ్యి కాస్త తటపటాయిస్తుంది. మూడువందలని రాసిన చోట ఆరువందల మంది ఎక్కుతుంటే దింపమని అడిగే హక్కు మైకు పట్టుకున్నవాడికీ వస్తుంది.

మీ జీతానికి బడ్జెట్ లేదంటారేమో. 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంట్ల పోస్టులున్నాయి, పైన పంచాయతీరాజ్ ఏఈ ఉన్నారు. రోడ్డు కొలిచే టేపుతోనే గ్యాలరీనీ కొలవచ్చు. ఒకరు కొలిచి మరొకరు సంతకం పెడితే, తమరు పుట్టకుండానే తమరి పని అయిపోతుంది. తమరి తరఫున కలెక్టరు గారు సంక్రాంతికి ముందే పంచాయతీలకు ఒక మెమో పంపితే చాలు.

ఇట్లు,
గ్యాలరీ ఎక్కే ముందు కింద కర్రలు చూసుకునే ప్రేక్షకుడు